ముందు బండి ఎందుకు ఆగింది?

రెండేళ్ల కిందట, బడులు తెరిచిన మొదటి వారంలో, నేను ఒక పిల్లాణ్ణి గుద్దబోయాను. ఈ మాట ఇంట్లో కూడా చాలా రోజులు చెప్పలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు మా తిరుపతిలో రోజూ ఎంతోమంది చేస్తున్నారు. అది తప్పని తెలియకుండానే చేస్తున్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

జూన్ నెల. పొద్దున ఎనిమిదీ నలభై. ఎం.ఆర్. పల్లి వైపు నుంచి స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తున్నాను. తొమ్మిదిలోపు మెషీన్లో వేలిముద్ర పడాలి. దారిలో ఒక స్కూలు, గేటు ముందు సగం చెరిగిపోయిన జీబ్రా గీతలు. నా ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. ఎవరో చెయ్యెత్తి ఉంటారు, ఎక్కించుకోవడానికి ఆపాడు అనుకున్నాను. విసుగ్గా హారన్ కొట్టి, బండిని కుడి పక్కకి తిప్పి, యాక్సిలరేటర్ ఇచ్చాను. ఆటో ముందు నుంచి మొదట నీలం రంగు క్యారియర్ సంచి బయటికొచ్చింది. ఆ తర్వాత దాన్ని పట్టుకున్న పిల్లాడు.

రెండు బ్రేకులూ పట్టేశాను. వెనక చక్రం జారి బండి అడ్డం తిరిగింది. ముందు చక్రం సంచికి తగిలింది, పిల్లాడికి తగల్లేదు. సంచి కిందపడి, డబ్బా మూత ఊడి, పెరుగన్నం రోడ్డు మీద పడింది. అందులో దానిమ్మ గింజలు కూడా ఉన్నాయి, వాళ్లమ్మ పొద్దున్నే కూర్చుని ఒలిచి ఉంటుంది. వాడికి ఆరేడేళ్లుంటాయి. నా వైపు చూడనే లేదు. అన్నం వైపు చూస్తూ, "మా అమ్మ తిడతాది" అన్నాడు.

ఆటో అతను దిగి వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని, సాయంత్రానికి మరిచిపోయేదాన్నేమో. "ఏమ్మా, నేను బండి ఎందుకు నిలబెట్టినాననుకుంటివి?" అని మాత్రం అడిగాడు. ఎవరినో ఎక్కించుకోవడానికి అనుకున్నానన్న మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఆ ప్రశ్న గురించి చాలా ఆలోచించాను. మా ఊళ్లో ఆగిన బండిని ఎవరూ పట్టించుకోరు. ఆటో ఆగితే బేరం వచ్చిందనుకుంటాం. బస్సు ఆగితే ఎవరో దిగుతున్నారనుకుంటాం. కర్ణాటక నంబరు కారు ఆగితే అలిపిరికి దారి అడగడానికనీ, తమిళనాడు వ్యాను ఆగితే టీ తాగడానికనీ అనుకుంటాం. బండి నేర్చుకున్న మొదటి నెలలోనే ఒక అలవాటు ఒంటికి పట్టేస్తుంది: ఆగిన బండి కనిపిస్తే పక్కనుంచి దూరి వెళ్లిపోవాలి. చాలాసార్లు మన అంచనా నిజమే అవుతుంది కాబట్టి ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. కానీ స్కూలు ముందు, జీబ్రా గీతల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ ఆగిన బండి ముందు ఒక మనిషి ఉన్నాడనే అనుకోవాలి, లేడని కళ్లారా చూసేదాకా. అది ఎందుకు ఆగిందో నాకు తెలియదు, కాబట్టి నేనూ ఆగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే.

రోడ్డు భద్రత అని మనం చెప్పేదంతా పిల్లలకే చెబుతాం. కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, మళ్లీ కుడివైపు చూడు, పరుగెత్తకు. చెప్పాల్సిందే. కానీ ఆ పిల్లాడు ఇవన్నీ చేశాడు. జీబ్రా మీదే దాటాడు. ఆటో వచ్చేదాకా పక్కన నిలబడ్డాడు. అది ఆగాకే అడుగు వేశాడు. నడిచాడే కానీ పరుగెత్తలేదు. నేర్పినదంతా తు.చ. తప్పకుండా చేసిన పిల్లాడి మీదికి, లైసెన్సు జేబులో పెట్టుకున్న నేను వెళ్లాను. "పిల్లలకి జాగ్రత్త నేర్పాలండీ" అని ఎవరైనా అక్కడితో మాట ముగిస్తే నాకు కోపం వచ్చేది అందుకే.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. అంటే చనిపోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు ఏ బండి మీదా లేరు, ఎవరినీ గుద్దలేరు, ఒట్టి కాళ్ల మీద ఉన్నారు.

నేను ఆ రోజు పెద్ద వేగంలో లేను. ముప్పై ఉంటుందేమో. ముప్పై అంటే మనకి నిదానమే. కానీ ఆ నిదానంలోనే బండి సెకనుకి 8 మీటర్లకు పైగా పోతుంది. ఎదురుగా మనిషి ఉన్నాడని కంటికి కనిపించి, బుర్రకి తెలిసి, చెయ్యి బ్రేకు మీద బిగుసుకునేసరికి సుమారు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 8 మీటర్లు అయిపోయాయి. పడ్డాక, రోడ్డు పొడిగా ఉండి టైర్లు బాగుంటే, ఇంకో 5 మీటర్లు. మొత్తం 13. ఇప్పుడు ముందు ఆగింది ఆటో కాదు, పది మీటర్ల స్కూలు బస్సు అనుకోండి. బస్సు పక్కనుంచి వెళ్తుంటే, పిల్లలు మనకి కనిపించేది బస్సు ముందు అంచు దాటి ఒక అడుగు బయటికి వేసినప్పుడే. మనం అప్పటికి బస్సు మధ్యలో ఉంటే ఆగడానికి చోటే లేదు. వెనక అంచు దగ్గరే ఉన్నా చాలదు. అదే 50లో వస్తే 13 కాస్తా సుమారు 28 మీటర్లవుతుంది. ఎంత నేర్పున్నవాళ్లకైనా లెక్క ఇదే. ఆగిన బండిని దాటడం మొదలుపెట్టాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. నాకు ఆ రోజు ఒక క్యారియర్ సంచి ముందుగా కనిపించింది, అంతే.

పిల్లల కళ్ల సంగతి ఇంకా వేరు. మన వైపు వచ్చే బండి దగ్గరయ్యేకొద్దీ పెద్దదిగా కనిపిస్తుంది కదా, అది ఎంత త్వరగా పెద్దదవుతుందో చూసే దాని వేగాన్ని మనం అంచనా వేస్తాం. ఆ చూపు పిల్లల్లో ఇంకా పూర్తిగా కుదురుకోదు. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలొవే కాలేజీ పరిశోధకులు 2010లో దీన్ని పరీక్షించి చూశారు. ప్రైమరీ స్కూలు వయసు పిల్లలు గంటకు 20 మైళ్లకి, అంటే సుమారు 32 కిలోమీటర్లకి మించి వచ్చే బండిని నమ్మకంగా గుర్తుపట్టలేరని తేల్చారు. ఇంకో మాటలో చెప్పాలంటే, మనం నలభైలో వస్తుంటే పిల్లలు మనవైపు చూసి కూడా, ఆ బండి అక్కడే నిలబడి ఉందనుకోవచ్చు. "చూసుకుని దాటమ్మా" అని మనం చెబుతాం. చూస్తారు. చూసినా తెలియదు. 2020లో స్టాక్‌హోమ్‌లో ఎన్నో దేశాలు కూర్చుని, నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రకటన చేశాయి. ఆ 30 ఎవరికో తోచి పెట్టిన అంకె కాదు.

ఆగిన బండి చాటునుంచి రెండో బండి దూసుకురావడం మన ఒక్క ఊరి జబ్బేమీ కాదు. ప్రపంచమంతా ఎప్పుడో గుర్తించిన ప్రమాదం అది. బ్రిటన్‌లో జీబ్రా గీతలు 1951లో చట్టంలోకి వచ్చాయి. ఇప్పుడు అక్కడ ఆ గీతలకి రెండు వైపులా రోడ్డు పొడవునా వంకరటింకర తెల్లగీతలు కూడా ఉంటాయి. ఆ వంకర గీతలున్న మేర బండి నిలపకూడదు, గీతల దగ్గర ఆగిన బండిని దాటి ముందుకి పోకూడదు. వాటిని గీసింది దాటే మనిషి వెనక వచ్చే బండికి కనిపించాలని. 1968 నాటి వియన్నా రోడ్డు ఒప్పందం కూడా ఇదే చెబుతుంది: జీబ్రా ముందు ఆగిన బండిని దాటాలంటే, అప్పటికప్పుడు ఆపగలిగేంత నెమ్మదిలో తప్ప దాటకూడదు. అమెరికాలో అయితే స్కూలు బస్సు ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమంటూ ఆగిందంటే వెనక వచ్చే బండ్లన్నీ ఆగాల్సిందే. చాలా రోడ్ల మీద ఎదురుగా వచ్చేవి కూడా.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 2017లో వచ్చిన డ్రైవింగ్ నియమాల ప్రకారం, సిగ్నల్ లేని జీబ్రా దగ్గరికి వస్తున్న డ్రైవరు నెమ్మదించాలి, ఆగాలి, నడిచేవాళ్లకి దారి ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, నియమానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద పేరు పెట్టి మరీ చేర్చారు. మొదటిసారికే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, జైలు కూడా వేయవచ్చు. నేను లైసెన్సు తీసుకున్నప్పుడు ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించమన్నారు. కాళ్లు కింద పెట్టకుండా తిప్పాను. లైసెన్సు వచ్చింది.

ఇక మా పాప స్కూలు సంగతి. అది వేరే స్కూలు. అక్కడొక వాచ్‌మన్ తాత ఉన్నాడు. పిల్లలందరికీ తాతే. పొద్దున ఎనిమిదింటి నుంచి తొమ్మిదిదాకా చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్రతో రోడ్డు పక్కన ఉంటాడు. ఆ సంఘటన జరిగిన తర్వాత ఆయన పనిని నేను నిలబడి చూడడం మొదలుపెట్టాను. అంతకుముందు ఆయన కర్ర ఊపి పిల్లల్ని దాటిస్తాడని మాత్రమే తెలుసు.

ఆయన మొదటి బండి ఆగగానే పిల్లల్ని వదలడు. మొదటి బండి ఆగాక, తాను నడిచి వెళ్లి దాని కుడి అంచు దాటి, అంటే రెండో బండి దూరే సందులో, కర్ర అడ్డంగా చాపి నిలబడతాడు. ఆ సందు మూశాకే వెనక్కి తిరిగి పిల్లలకి తల ఊపుతాడు. ఎవరు నేర్పారు తాతా అని అడిగాను. "ఎవురూ నేర్పలేదమ్మా. మొదటోడు ఎప్పుడూ నిలబడతాడు. వాడి ఎనకాల వచ్చేటోడితోనే గొడవంతా" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మొకం చూడగాకండి. మొకం నవ్వతానే ఉంటాది, చక్రం తిరగతానే ఉంటాది. ముందు చక్రం చూడండి. అది నిలబడితేనే నిలబడినట్టు."

ఈ చక్రం మాట పాపకి ఆ రోజే చెప్పాను. హెల్మెట్ అద్దం వెనక ముఖం ఎటూ కనిపించదు. కార్ల అద్దాలకి నల్ల ఫిల్ము. డ్రైవరు నన్ను చూశాడా లేదా అని ఎనిమిదేళ్ల పిల్ల ఎలా తేల్చుకుంటుంది? చక్రం తిరుగుతోందా ఆగిందా అన్నది మాత్రం దాని కళ్ల ఎత్తులోనే ఉంటుంది. దాంతోపాటు ఇంకొకటి నేర్పాను, మా ఇద్దరి మధ్య దాని పేరు "రెండో చూపు". మన కోసం ఒక బండి ఆగితే, దాని ముందు నుంచి నేరుగా అవతలికి నడిచిపోకూడదు. ఆ బండి అవతలి అంచుదాకా వచ్చి, అక్కడ ఆగి, తల మాత్రం బయటికి పెట్టి తొంగి చూడాలి. పక్కనుంచి ఏమీ రావడం లేదంటేనే తర్వాతి అడుగు. పాప ఇప్పుడు ఆటో అంచు దగ్గర కోడిపిల్లలా మెడ చాచి చూస్తుంది. ఆపిన డ్రైవర్లు కొందరు విసుక్కుంటారు, పో పో అంటారు. వాళ్లు విసుక్కున్నా సరే చూడమన్నాను.

ఆ "పో పో" గురించి కూడా చెప్పాలి. మంచి మనసుతోనే చేస్తారు. బండి ఆపి, చెయ్యి ఊపి, దాటమంటారు. కానీ పెద్దవాళ్లు చెయ్యి ఊపితే పిల్లలు ఇక రోడ్డు చూడరు, ఆ చేతినే నమ్మి వెళ్లిపోతారు. ఊపినాయనకి తన వెనక ఎవరు దూసుకొస్తున్నారో తెలియదు. దాని బదులు ఆ చేతినే కుడి పక్కకి చాచి, వెనక వచ్చేవాళ్లకి కిందికీ పైకీ ఆడిస్తే ఎంత మేలు! నెమ్మదించండి అని చెప్పే సైగ అది, డ్రైవింగ్ స్కూళ్లలో బొమ్మ వేసి చూపిస్తారు, ఎవరూ వాడరు. నేను వాడుతున్నాను. జీబ్రాకి రెండు బారల ముందే ఆపుతాను, గీతల మీదికి వెళ్లను. అంత ముందు ఆపితే నా పక్కన వచ్చేవాళ్లకి పిల్లలు కాస్త ముందుగా కనిపిస్తారు. బ్రేకు పట్టే ఉంచుతాను, వెనక ఎర్రలైటు వెలుగుతూ ఉండాలని. కుడి చెయ్యి చాస్తాను. వెనక హారన్లు మోగుతాయి. మోగనిస్తాను.

తల్లిదండ్రుల దగ్గరికి వద్దాం. నాకు బాధ ఎక్కువ ఇక్కడే. స్కూలు ముందు ఉదయం ప్రమాదంలో సగం మనమే తయారు చేస్తున్నాం. మన పిల్లని గేటుకి ఒక్క అడుగు దూరంలో దింపాలని, కారు తీసుకొచ్చి జీబ్రా మీదే ఆపుతాం. ఆ కారు ఎత్తుకి ఒకటో తరగతి పిల్లలు అవతలున్నట్టే కనిపించరు. మన పిల్ల క్షేమంగా లోపలికి వెళ్లిపోతుంది, వెనక వచ్చే పిల్లలు మన కారు చాటునుంచి రోడ్డెక్కుతారు. స్కూటర్ మీద వచ్చే నాన్నలు రాంగ్ రూట్లో నాలుగు బారలు వచ్చి దింపుతారు, చుట్టూ తిరిగి రావడానికి రెండు నిమిషాలు పడుతుందని. ఎదురు దారిలో వచ్చే బండిని ఏ పిల్లా చూడదు, ఎందుకంటే అటునుంచి బండి వస్తుందని ఎవరూ అనుకోరు. ఇక తొమ్మిదో తరగతి అబ్బాయికి స్కూటీ ఇచ్చి, చెల్లెల్ని కూడా వెనక కూర్చోబెట్టి పంపే ఇళ్లు నాకు తెలుసు. పిల్లాడు చట్టం మీరి బండి నడిపితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్లదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 నుంచి చట్టం చెబుతోంది. అది తెలిసినా, "మావాడు బాగా నడుపుతాడు" అంటారు.

సాయంత్రం ఇంకో రకం. కిందటేడు వరకూ పాపని మా అమ్మే తెచ్చేది. ఒక రోజు నేను సెలవు పెట్టి, ఆమెకి చెప్పకుండా ముందే వెళ్లి నిలబడ్డాను. అమ్మ గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల గానుగ చెట్టు నీడలో ఉంది. చేతిలో నీళ్ల సీసా, కొంగుకి కట్టిన చిల్లర, బొరుగుల బండి దగ్గర కొనిపెట్టిన పొట్లం. గంట కొట్టారు. పాప గేటు బయటికి వచ్చింది. అమ్మ చెయ్యెత్తి, "అమ్మణ్ణీ, ఇక్కడున్నా, రా" అని పిలిచింది. పాప ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులో రోడ్డు లేదు, బండ్లు లేవు, అవ్వ ఒక్కతే ఉంది. పరుగెత్తింది. ఆ క్షణంలో అటు ఏ బండీ రాలేదు, అంతే. చుట్టూ చూస్తే అట్టా అవతలి పక్క నిలబడి పిలుస్తున్న అవ్వలు, తాతలు, అమ్మలు పదిమందికి పైనే ఉన్నారు.

ఇంటికొచ్చాక అమ్మతో చెప్పాను, రోడ్డు అవతల నుంచి పిలవద్దమ్మా, గేటు దగ్గరికే వచ్చి చెయ్యి పట్టుకో అని. "ఆ ఎండలో గేటు కాడ ఎట్టా నిలబడేదే?" అంది. నిజమే. డెబ్బై ఏళ్ల మనిషికి గేటు దగ్గర ఒక రేకు నీడ కూడా లేదు. గొడుగు కొనిచ్చాను. స్కూలువాళ్లని అడిగితే మూడు నెలలకి గేటు లోపల ఒక పందిరి వేశారు. ఇప్పుడు పెద్దవాళ్లంతా లోపలే నిలబడుతున్నారు, పిల్లల్ని చేతికి తీసుకునే రోడ్డు మీదికి వస్తున్నారు. చెయ్యి అంటే వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోవాలి. వేళ్లు పట్టుకుంటే పిల్లలు ఒక్క గుంజుడుతో విడిపించుకుంటారు. ఒక పందిరితో అంత మార్పు వస్తుందని నేను అనుకోలేదు.

స్పీడ్ బ్రేకర్ వేస్తే సరిపోతుంది కదా అని మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన అన్నారు. వెయ్యాలి, నేనూ అర్జీ మీద సంతకం పెట్టాను. కానీ వేసే తీరులో వెయ్యాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని మీద పాతికలో పోతే ఒళ్లు కుదపదు. మనవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు పోసి గుమ్మం గడపలాంటిది కట్టి, రంగు కూడా వెయ్యరు. దాని దగ్గర చూపంతా గడప మీదే ఉంటుంది, పిల్లల మీద ఉండదు. జీబ్రానే ఆ ఎత్తుకి లేపి పరిచితే అన్నిటికన్నా మేలు.

"తిరుపతిలో ఇదంతా జరిగే పని కాదు" అనేవాళ్లకి నేనొక మాట చెబుతాను. మా ఊరికి ఆగడం రాదనడం అబద్ధం. గోవిందరాజస్వామి ఉత్సవాల్లో స్వామి వాహనం వీధిలోకి వస్తే చూడండి. పోలీసు చెప్పక్కర్లేదు. మొదటి స్కూటర్ ఆగుతుంది, దాని వెనక వచ్చినతను మెడ చాచి "ఏమైంది" అనడు, ఇంజన్ ఆపి చెప్పులు విడుస్తాడు. సందులో దూరేవాడు ఉండడు. స్వామి కనిపించకముందే, ముందు బండి ఆగిందంటే దేనికో ఆగిందని నమ్ముతారు. కొండ దిగే బండ్లనీ చూడండి. పైన బయలుదేరిన సమయం, కింద దిగిన సమయం చూసి, మరీ తొందరగా దిగితే జరిమానా వేసే పద్ధతి ఘాట్ రోడ్డు మీద ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు కూడా దానికి లోబడి నిదానంగా దిగుతారు. అలిపిరి దాటి టౌన్లోకి రాగానే అదే బండి, అదే డ్రైవరు, రాత్రంతా క్యూలో నిలబడి నిద్ర లేని కళ్లతో, ఇంటికి చేరాలన్న తొందరలో, పిల్లలు బడికి వెళ్లే వేళకి మన వీధుల్లోంచి పోతుంటాడు. ఆయనకి ఇక్కడ స్కూలుందని తెలియదు. ఊరివాళ్లం మనం జీబ్రా ముందు ఆగితే, ఆ ఆగడం చూసే ఆయనకి తెలియాలి. మన పక్కనుంచి మన ఊరి స్కూటరే దూరిపోతే ఆయనా దూరతాడు.

ఆ పిల్లాణ్ణి నేను మళ్లీ చూశాను. దారి మార్చుకోలేదు కాబట్టి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు మూడో తరగతి అయి ఉంటాడు, కొంచెం పొడుగయ్యాడు. సంచి మారింది, ఆకుపచ్చది. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. పోయిన మంగళవారం పొద్దున, నేనే మొదటి బండిని. గీతలకి ముందుగా ఆపి, రెండు కాళ్లూ కింద పెట్టి, కుడి చెయ్యి చాచాను. వెనక ఒక ఆటో హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. తర్వాత ఆగిపోయింది. అద్దంలో చూస్తే, ఆటో అతను తల బయటికి పెట్టి ముందుకి చూసి, తన కుడి చెయ్యి కూడా బయటికి చాచి ఉన్నాడు, అతని వెనక వచ్చే బైకుకి.

పిల్లాడు గీతల మీదికి దిగాడు. నా బండి ముందుదాకా వచ్చి, నా ముందు చక్రం వైపు చూసి, అంచు దగ్గర ఆగి, అవతలికి తొంగి చూశాడు. ఎవరూ రావడం లేదు. భుజం మీంచి జారిపోతున్న సంచి పట్టీని సర్దుకుని, దాటి, గేటు లోపలికి వెళ్లిపోయాడు.